పెద్దబ్బాయిగారి ప్రదక్షిణ వ్యూహం

మంగోలుల నావలు జపాను తీరం మీదికి రెండవసారి దండెత్తి వచ్చి ఏడు వందల ఇరవై రెండేళ్ళు గడచిన పిమ్మట, కృష్ణకు అడ్డంగా కొత్త బ్యారేజి లేచి నలభై ఆరేళ్ళు నిండిన పిమ్మట, పరీక్షా ఫలితం తెలియాలన్నా పెళ్ళికొడుకు ఫోటో చూడాలన్నా పటమట జనమంతా ఇంటర్నెట్ సెంటర్ల గాజు తలుపుల ముందు బారులు తీరుతున్న రెండువేల మూడవ సంవత్సరంలో, యాభై తొమ్మిదేళ్ళ వయస్సు, ముప్పై ఎనిమిదేళ్ళ చేపల వ్యాపారం, గళ్ళలుంగీ, భుజాన తుండుగుడ్డ గల పెద్దబ్బాయిగారు ఆ మంగోలులను ఆపే భారాన్ని తన నెత్తిన వేసుకున్నారు.

ఆయనలో విడ్డూరమనదగినది ఒక్కటే. తన పక్షాన నిలిచినవాడు ఒక్కడైనా చావడానికి ఆయన ఒప్పుకోరు. చస్తే స్నానం చేస్తారు. ఆ చచ్చేవాడు కంప్యూటరు తెర మీద వడ్లగింజంత ఉండే జపాను సిపాయి అయినా సరే.

నేను ఒక శతకానికి రాసుకున్న వ్యాఖ్యానాన్ని టైపు చేయించుకోవడానికి వినీల నడిపే సెంటరుకు వెళ్ళేవాడిని. వినీల తండ్రి పాస్టరుగారు. ఆ అమ్మాయికి ఛందస్సుతో పరిచయం లేకపోయినా అరసున్న ఎక్కడ జారిపోయినా పట్టుకునేది. శ్రావణమాసంలో ఒక ఉదయం నేను ప్రూఫులు దిద్దుకుంటుండగా పక్కనున్న నాలుగో నంబరు కంప్యూటరు ముందు నుంచి పెడబొబ్బ వినిపించింది.

"అయ్యో, అయ్యో! వెనక్కి వచ్చెయ్యండర్రా నాయనలారా!"

చూస్తే చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న పెద్దమనిషి. కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైందండీ?" అన్నాను.

"ముప్పై నలుగురు పోయారండీ. పొద్దున తొంభై ఐదుగురున్నారు. ఇప్పుడు అరవై ఒక్కరే."

నేను కలం కింద పెట్టేశాను. "పడవ తిరగబడిందా? ఎక్కడ, నాగాయలంక దగ్గరా?"

"జపాన్లోనండీ."

నేను తేరుకునేలోగా ఆయన నా నుదుటి విభూతిని చూసి చేతులు కట్టుకున్నారు. "మాస్టారూ, తమరు పండితుల్లా ఉన్నారు. వీళ్ళకి మైల ఎన్నాళ్ళు పట్టాలండీ?"

"మీకు జ్ఞాతులు కారు కదా?"

"మన పక్కన నిలబడి చచ్చాడండీ. అంతకంటే జ్ఞాతి ఎవడుంటాడు?"

ధర్మసందేహాలు చాలా విన్నాను. ఈ సందేహం ఏ గ్రంథంలోనూ లేదు, సమాధానం మాత్రం ఉంది. "యుద్ధంలో పడినవారికి సద్యశ్శౌచం. అంటే ఒక్క స్నానంతో సరి" అన్నాను.

"ముప్పై నలుగురికీ కలిపి ఒకటేనా?"

"కలిపి ఒకటే."

"కట్టుబట్టలతోనా?"

"దూరదేశపు చావు కనుక కట్టుబట్టలతోనే" అన్నాను, నవ్వు బిగబట్టుకుని.

ఆయనకు అందులో నవ్వులాట కనబడలేదు. సెంటరు వెనుక చేతిపంపు కింద బకెట్టు నింపుకుని నెత్తిన గుమ్మరించుకుని, నీళ్ళోడుతూ తిరిగివచ్చి నాలుగో నంబరు మీద చెయ్యి వేయబోయారు.

"బాబాయ్‌గారూ!" వినీల కేక పెట్టింది. "ఆ తడి చేత్తో ముట్టుకున్నారంటే మీ జపాను వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళిపోతారు!"

మరునాటి నుంచి నాలుగో నంబరు పక్కన పొడి తువ్వాలు ఒకటి శాశ్వతంగా వేలాడింది.

ఒకనాడు నేను ఉండబట్టలేక అడిగాను. "పెద్దబ్బాయిగారూ, రోజుకు ఎన్ని బుట్టల చేపలు అమ్ముతారు మీరు? వాటికి లేని స్నానం వీళ్ళకెందుకండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "చేపలు మనవైపు నిలబడలేదు కదండీ."

ఇక ఆయన యుద్ధవిధానం. జపాను కోట మీదికి మంగోలులు దండెత్తి వచ్చే ఆ కంప్యూటరు ఆటలో దండెత్తినవాడికి గడువు ఉంటుంది. గడువు దాటేలోగా గెలవకపోతే వాడు వెనుదిరగాలి. ఇంగ్లీషు అక్షరం రాని పెద్దబ్బాయిగారు కనిపెట్టిన మహారహస్యం ఇదొక్కటే. కోట వెనుక దట్టమైన అడవి, మధ్యన గుట్ట. మంగోలు గుర్రాలు కనబడగానే అరవై ఒక్కరినీ దొడ్డిదారిన అడవిలోకి దింపి గుట్ట చుట్టూ నడిపించేవారు. ముందు వీళ్ళు, వెనుక వాళ్ళు. చెట్లకు తగిలి వాళ్ళ బాణాలు పడిపోయేవి, గుర్రాలు అలసిపోయేవి, గడువు తీరిపోయేది. కత్తి ఒరలోంచి రాకుండానే జయం.

"వేటకెళ్ళినోడికి తెలుస్తుందండీ. చేప పోటెత్తి వచ్చేటప్పుడు ఎదురెళ్ళకూడదు. అలిసిందాకా తిరగనివ్వాలి" అనేవారు.

ద్రోణాచార్యుల పద్మవ్యూహాన్నీ, గ్రద్ద వాలినట్టుండే గరుడవ్యూహాన్నీ నేను వర్ణించి చెప్పగా ఆయన శ్రద్ధగా విని, "అన్నింట్లోనూ మనోళ్ళు చస్తున్నారు మాస్టారూ" అని తోసిపుచ్చారు. చివరకు ఆయన పద్ధతికి నేనే ప్రదక్షిణ వ్యూహమని పేరు పెట్టవలసి వచ్చింది. సెంటరుకు వచ్చే కాలేజీవాళ్ళు ఆయన వెనుక చేరి, "తిరిగింది చాలు బాబాయ్, ఒక్కణ్ణయినా కొట్టు!" అని గోల పెట్టేవారు. "గుడిలో కూడా ఇలాగే తోసుకుంటారు మీరు" అనేవారాయన తల తిప్పకుండా.

వారి భార్య మంగాయమ్మగారు ఒకరోజు భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చి నన్నే నిలదీశారు. "మీరేనంటండీ నీళ్ళు పోసుకోమని చెప్పింది? ఇంట్లో పోసుకోమంటే సాయంత్రందాకా లేవని మనిషి, ఎవడో జపానోడి కోసం పంపు కింద కూర్చుంటాడా?"

"ఇప్పుడెవరూ పోవడం లేదమ్మా" అని సర్దిచెప్పబోయాను.

"అందుకే కంపు కొడుతున్నాడండీ!" అన్నారావిడ.

నిజమే. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆ అరవై ఒక్కరిలో ఒక్కడు తగ్గలేదు. ఆట ముగియగానే పెద్దబ్బాయిగారు అరచేతిలో బాల్‌పెన్నుతో 61 అని రాసుకుని, తెరకు నమస్కరించి, మోపెడ్ ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోయేవారు. ఒకనాడు మంగోలులు బాగా డస్సి కోట ముందు చతికిలబడ్డారు. ఇన్నాళ్ళ ప్రదక్షిణాలతో నాకూ ఓపిక నశించింది.

"ఇదే అదును. తలుపులు తీసి ఒక్కసారి విరుచుకుపడితే యుద్ధం ముగుస్తుంది" అన్నాను.

"ఎంతమంది పోతారండీ?"

"ఇరవై మంది. పోనివ్వండి, వీరస్వర్గం."

"పంపేది తమరు. జవాబు చెప్పుకోవాల్సింది నేనండీ."

"ఎవరికి?"

ఆయన వినిపించుకోనట్టు తువ్వాలుతో తెర తుడిచారు.

కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడవనాడు వినీల పిడుగులాంటి వార్త చెప్పింది. కంప్యూటర్లకు వైరస్ పట్టింది, సోమవారం అన్నింటినీ ఫార్మాట్ చేస్తారు, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

పెద్దబ్బాయిగారు రెండు చేతులతోనూ నాలుగో నంబరును కావలించుకున్నారు. "మంగోలోళ్ళకే ఇవ్వలేదమ్మా. మెకానిక్కుకి ఇస్తానా?"

"అయ్యో, మీ కోటను ఈ ఫ్లాపీలో దాస్తాను బాబాయ్‌గారూ. మంగళవారం తెచ్చారంటే మళ్ళీ ఎక్కిస్తాను. జాగ్రత్త, పాడవకూడదు."

అరచేతి వెడల్పున్న నల్లటి ఫ్లాపీని ఆయన రెండు చేతులా అందుకుని నేరుగా మోపెడ్ దగ్గరికి వెళ్ళి, వెనుకనున్న ఐసుపెట్టె తెరిచారు. నేను పరుగున వెళ్ళాను. "ఏమిటండీ ఆ పని!"

"పాడవకూడదంది కదండీ. ఐసులో పెట్టకుండా ఏదాగుతుంది?"

ఆయనను మాన్పించడం నావల్ల కాలేదు. అయితే ఎగుమతి రొయ్యకు చేసినట్టు మూడు ప్లాస్టిక్ సంచులు చుట్టి, దారం బిగించి, రెండు బొచ్చె చేపల నడుమ పడుకోబెట్టారు. ఆ సిపాయిల గతి ఏమవుతుందోనన్న ఆందోళనతో నేనూ మోపెడ్ వెనుక, ఐసుపెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. శుద్ధ శాకాహారిని. ఆ ప్రయాణం గురించి ఇంతకు మించి రాయను.

బండి రెండు వీధుల అవతల ఒక పెంకుటింటి ముందు ఆగింది. వెంకటరత్నమ్మ అనే ఆవిడ తలుపు తీశారు. లోపల మంచం మీద ఇరవై అయిదేళ్ళ అమ్మాయి, పక్కన గోడకు ఆనించిన చేతికర్ర.

"బాబాయ్, ఎంతమంది?" అందా అమ్మాయి.

పెద్దబ్బాయిగారు అరచెయ్యి చూపారు. "అరవై ఒక్కరు. లే."

ఆ అమ్మాయి మూలిగింది, తిట్టుకుంది, కర్ర అందుకుని లేచింది. మంచం నుంచి వంటింటి గుమ్మానికి, గుమ్మం నుంచి మంచానికి. తల్లీ పెద్దబ్బాయిగారూ కలిసి ఒకటీ రెండూ అని లెక్కపెట్టారు. సరిగ్గా అరవై ఒకటి కాగానే అరవై రెండో అడుగు వేయకుండా మంచం మీద కూలబడింది.

ఆమె పేరు పద్మశ్రీ. ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. వేసవిలో గన్నవరం దగ్గర స్కూటరు జారి తొడ ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది గానీ, నొప్పికి జడిసి కాలు కింద పెట్టనని భీష్మించుకుంది. డాక్టరు గదిమారు, తల్లి ఏడ్చింది. రోజూ చేపలిచ్చే పెద్దబ్బాయిగారు, "నీకేం కావాలమ్మా?" అని అడిగితే, "సెంటర్లో నాలుగో నంబరులో నా కోట ఉంది బాబాయ్. ఈపాటికి మంగోలులు తినేసుంటారు. అందులో ఎంతమంది మిగిలితే అన్ని అడుగులు వేస్తాలే" అందట. ఎవరూ మిగలరన్న ధీమాతో అన్న మాట అది.

పెద్దబ్బాయిగారు మరునాడే వెళ్ళి చెప్పులు విడిచి నాలుగో నంబరు ముందు కూర్చున్నారు. మొదటిరోజు చేతగాక ముప్పై నాలుగు అడుగులు పోగొట్టారు. ఆ స్నానం ఎవరికోసమో నాకప్పుడు అర్థమైంది.

"ఎక్కువ మంది ఉన్నారని ఒక అబద్ధం చెప్పవచ్చు కదండీ?" అని చెవిలో అడిగాను.

"చేప సంగతైతే చెబుతానండీ, నిన్నటిదాన్ని ఈ పొద్దుటిదని. నడిచే పిల్లకి అడుగు గురించి ఎలా చెప్పనండీ?"

వెంకటరత్నమ్మగారు కళ్ళొత్తుకున్నారు. "ఇల్లు దాటి నడవకపోతే కాలు బిగుసుకుపోతుందన్నారండీ డాక్టరు. జనవరికల్లా రాకపోతే ల్యాబువాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారట. ఇదేమో అరవై రెండో మనిషిని చూపిస్తేగాని కదలనంటుంది."

"మాటంటే మాటే" అంది పద్మశ్రీ.

నాకు హఠాత్తుగా భారతంలోని ఉద్యోగపర్వం తలపుకు వచ్చింది. యుద్ధానికి ముందు ఇరుపక్షాలూ చేసిన మొదటి పని ఏమిటి? "ఆ ఆటలో కొత్త సైనికులను చేర్చుకునే వీలు లేదా అమ్మా?" అన్నాను.

పద్మశ్రీ పెదవి కొరుక్కుంది.

పెద్దబ్బాయిగారు మెల్లగా తల తిప్పారు. "ఏమ్మా. ఉందా?"

"ఉంది బాబాయ్."

"నీకు తెలుసా?"

"నువ్వడగలేదుగా!"

మంగళవారం ఫ్లాపీ చెక్కుచెదరకుండా పనిచేసింది. "ఏంటి సార్ ఈ వాసన?" అని వినీల ముక్కు మూసుకుందంతే. ఇంగ్లీషులో ఉన్న మీటను ఆమె చదివి చూపించగా పెద్దబ్బాయిగారు నొక్కారు. అరవై మంది శూలధారులు వచ్చి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడి, "రండి బాబూ, రండి. భోంచేశారా?" అని పలకరించారు.

నూట ఇరవై ఒకటి వీధి గుమ్మం దాకా పట్టుకొచ్చింది. నూట ఎనభై ఒకటి ఎదురింటి అరుగు దాకా. మార్గశిరం వచ్చేసరికి కోటలో చోటు చాలలేదు. "మూడు వందల అరవై ఒకటా! నన్ను బెంజి సర్కిల్ దాకా తోలతావా బాబాయ్!" అని పద్మశ్రీ మొత్తుకునేది, తిట్టుకుంటూనే నడిచేది. పెద్దబ్బాయిగారు మాత్రం ఆ ఇంటి గడప నుంచి సెంటరు లోపలి దాకా దారిని, ఆమెలాగే కుంటుతూ, పైకి లెక్కపెడుతూ కొలిచి వచ్చారు. చూసినవాళ్ళెవరో చెబితే మంగాయమ్మగారు హడలిపోయి కాళ్ళకు ఆముదం కాచారు.

సెంటరు గుమ్మానికి వినీల క్రిస్మస్ నక్షత్రం కట్టిన రోజున, నాలుగు వందల ఇరవై ఒక్కరితో కోట కిటకిటలాడుతుండగా, పద్మశ్రీ బయలుదేరింది. ముందు పెద్దబ్బాయిగారు వెనక్కి నడుస్తూ, వెనుక తల్లి, పక్కన నేను. నాలుగు వందల ఇరవయ్యో అడుగు గుమ్మం ముందు పడింది. ఇరవై ఒకటోది మెట్టు మీద. గుమ్మం దాటలేదు. ఒక్క అడుగు తక్కువైంది.

"సైన్యం అయిపోయింది బాబాయ్" అంది ఆ అమ్మాయి రొప్పుతూ, కళ్ళలో కొంటెతనంతో.

పెద్దబ్బాయిగారు తుండుగుడ్డ నడుముకు చుట్టి, అటెన్షనులో నిలబడ్డారు. "నేను లెక్కలోకి రానా?"

నాలుగు వందల ఇరవై రెండో అడుగు గడప లోపల పడింది.

ఆమె నాలుగో నంబరు ముందు కూర్చుంది. కూర్చున్న మరుక్షణం, నాలుగు నెలలుగా తెరుచుకోని కోట సింహద్వారం తలుపులు బార్లా తెరిచి మొత్తం సైన్యాన్ని మంగోలుల మీదికి తోలింది. పది నిమిషాల్లో విజయభేరి మోగింది. నూట పన్నెండు మంది పోయారు.

పెద్దబ్బాయిగారు నడుముకు చుట్టిన తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకున్నారు. తరువాత నావైపు తిరిగారు. "మాస్టారూ..."

"కలిపి ఒకటే" అన్నాను.

వినీల తువ్వాలు అందించింది. వెనుక చేతిపంపు కిర్రుకిర్రుమంటుంటే లోపల పద్మశ్రీ పకపకా నవ్వడం నాకు వినబడింది. జనవరి రెండవ తారీఖున ఆ అమ్మాయి ల్యాబుకు వెళ్ళింది.

పెద్దబ్బాయిగారి ఐసుపెట్టె ఎన్నడూ ఖాళీగా ఇల్లు చేరకుండు గాక! మంగాయమ్మగారి నోరు, పసుపుకుంకుమలు నూరేళ్ళు చల్లగా ఉండు గాక! ఆ చేతిపంపు కింద ఆయన ఇకపై మంగళస్నానాలే చేయు గాక! ఆ ఇంట ఎప్పుడు, ఎవరు లెక్కపెట్టినా అందరూ ఉందురు గాక!