అవ్వ నెత్తి మీద చెయ్యి

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేనే చెబుతూ తిరిగాను. కామారెడ్డిలో కరెంటు ఆఫీసులో ఉద్యోగం. సెలవు దొరికితే ఎల్లారెడ్డి బస్సెక్కి ఊరికి పోవడం, అక్కడ మా అవ్వ దీపం ముట్టిస్తే ఎందుకని, ఒక్కపొద్దు ఉంటే ఎందుకని వాదన పెట్టుకోవడం. నన్ను కన్న పాపానికి ఆమె చాలా ఓర్చుకుంది. "నీ నమ్మకం నీది బిడ్డా. నా దీపంల నీళ్లు పొయ్యకు, గంతే సాలు" అనేది.

మా పొలం పోచారం కాలువ కింద ఉంది. ఏటా నాట్లకు ఒకటే గుంపు వస్తుంది. ఆ గుంపుకు పెద్ద ఒక అక్క. ఊరి చివర చర్చి పక్కన ఆమె ఇల్లు. నేను గౌను వేసుకుని గట్ల మీద పరుగెత్తిన రోజుల నుంచీ నన్ను "చెల్లె" అనే పిలిచేది. మా అవ్వను మాత్రం అందరిలాగే "పటేలమ్మ" అనేది. ముందు ఎవరి మడిలో దిగాలి, ఎంతమంది రావాలి, అన్నీ ఆమె నోటిమాట మీదే నడిచేవి.

పోయిన వానాకాలం నాటు వేస్తున్నప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. అవ్వకు చెవి పుండయింది. బంగారు కమ్మలు తీసి ముందరి అర్రలో గూట్లో పెట్టింది. మధ్యాహ్నం వాన గట్టిగా పట్టుకుంటే గుంపంతా ఆ అర్రలోనే కూర్చుని సద్ది తిన్నారు. సాయంత్రం చూస్తే కమ్మలు లేవు. ఇల్లంతా ఊడ్చాం, చాపలు దులిపాం, పొయ్యిలో బూడిద కూడా తీసి చూశాం.

తెల్లారి గుంపులో ఆడవాళ్లే అన్నారు, పోచమ్మ గుడి ముందు ప్రమాణం చేస్తామని. తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో, చేతిలో పసుపుబియ్యం పట్టుకుని "నేను తియ్యలేదు తల్లీ" అనాలి. అబద్ధమాడితే ఇంట్లో ఎవరికో ఒకరికి ముప్పు. అవ్వా నేనూ చూస్తుండగా ఒక్కొక్కరే వచ్చి చేశారు. కొందరు ఏడ్చారు, కొందరు మా ఇంటివైపు చూసి మెటికలు విరిచారు. చివరికి అక్క వంతు వచ్చింది.

"నేను ఒట్టు పెట్ట" అంది. "మీ దేవుని మీద పెట్ట, మా దేవుని మీద గూడ పెట్ట. ఒట్టు పెట్టుకునుడే పాపం మా తాన. తియ్యలేదంటే తియ్యలేదు, గంతే."

"మేమందరం పెట్టలేదా? నీకే ఏమైంది?" అని ఆమె గుంపులోదే ఒకామె అడిగింది. మిగతావాళ్లు కొంచెం దూరం జరిగారు. ఇక దాని తర్వాత ఏం జరుగుతుందో అక్కడ అందరికీ తెలుసు. దొంగ అనిపించుకున్న మనిషి వెనక ఎవరూ మడిలో దిగరు. పెద్దరికం ఆ పూటే పోతుంది, పని ఆ వారంలో పోతుంది, పేరు మాత్రం ఎన్నటికీ తిరిగి రాదు.

నాకు ఒళ్లు మండింది. దేవుడంటే అంత భయం ఉన్న మనిషి దొంగట, బియ్యం పట్టుకుని గడగడా చెప్పేసినవాళ్లంతా దొరలట! "ఒట్టు పెట్టకపోతే దొంగేనా? అక్క తియ్యలేదు" అని అరిచాను.

అవ్వ నావైపు తిరిగింది. "నీకు ఎర్కనా? అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టేశాను. నా లెక్కలో అది నెత్తి, ఇది చెయ్యి, ఆలోచించడానికి ఏముంది? "అక్క తియ్యలేదు" అన్నాను. అవ్వ నా ముఖంలోకి కాసేపు చూసి, "ఇగ అయిపోయింది. నడువుండ్రి, నారు ముదురుతున్నది" అంది. నమ్మకం లేనిదాన్ని, నమ్మేవాళ్ల పంచాయితీ తెంపేశానని లోపల గర్వంగా కూడా అనిపించింది. అక్క నన్ను చూసి తల ఊపింది. ఆ చూపును కామారెడ్డి దాకా మురిపెంగా మోసుకుపోయాను.

వారం తిరక్కుండానే పక్కింటి వదిన ఫోన్ చేసింది. అవ్వ చలిజ్వరంతో వణుకుతోందట. తీసుకొచ్చి కామారెడ్డిలో దవాఖానలో చేర్పించాను. డెంగీ అన్నారు. మా పెరట్లో పాత టైరులో నీళ్లు నిలిచి ఉన్నాయి, నా కళ్లతో చూశాను. కారణం అంత మామూలుది. కానీ పొద్దున చూస్తే ప్లేట్‌లెట్లు తగ్గాయి, మళ్లీ చూస్తే ఇంకా తగ్గాయి.

వదిన మళ్లీ ఫోన్ చేసింది. "ఊర్ల ఏమంటున్నరో ఎర్కనా? దొంగ ఒట్టు పెట్టినవట, గదే మీ అవ్వకు తగిలిందట. గా అక్కను ఎవ్వలు నాటుకు పిలుస్తలేరు."

దోమ గురించీ టైరు గురించీ వదినకు గట్టిగా పాఠం చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత కూర్చోలేకపోయాను. వరండాలో అటూ ఇటూ తిరిగాను, చూసిన రిపోర్టే మళ్లీ చూశాను, చాయ్ తెచ్చుకుని తాగడం మరిచిపోయాను. జ్వరం చూద్దామని అవ్వ నుదుటి మీదికి చెయ్యి చాపి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అవ్వ కళ్లు తెరిచింది. "తియ్యలేదని నీకెట్ల ఎర్క బిడ్డా? నువ్వు సూసినవా?"

చూడలేదు. ఆ సంగతి మొదటి నుంచీ తెలిసిందే, ఇన్నాళ్లూ నాకు అడ్డు రాలేదు.

అవ్వకు చీరలు తెస్తానని చెప్పి, తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెట్టి, ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆమె చీరలు కామారెడ్డిలో మా ఇంట్లోనూ ఉన్నాయి. ఆగిన ప్రతి స్టేజీలోనూ డ్రైవరును మనసులో తిట్టుకున్నాను.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో పట్టపగలు అక్క వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేచింది. "పటేలమ్మకు ఎట్లున్నది చెల్లె? ఐతారం చర్చిల అందరం ప్రార్థన జేసినం" అని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు తియ్యలేదు కదా?"

ఆమె చేట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"గా దినం నువ్వు చెయ్యి పెడితే, నన్ను నమ్మి పెట్టినవనుకున్న" అంది. లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇంకేం చెయ్యాలో తోచక తాగాను.

తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగాయి. అవ్వ కోలుకుని ఇంటికి వచ్చింది. ఊరు కూడా మాట తిప్పేసింది. పటేలమ్మ బతికి బట్టకట్టింది కాబట్టి ఒట్టు నిజమేనట, అక్క కడిగిన ముత్యమట. గుంపు మళ్లీ ఆమె వెనక నడిచింది. కమ్మలు మాత్రం దొరకలేదు. అవ్వ ఇప్పటికీ పోతూ వస్తూ ఆ గూట్లో చెయ్యి పెట్టి తడుముతుంది.

యాసంగి నాట్లకు గుంపు మళ్లీ మా మడిలో దిగింది. గట్టు మీద నిలబడి "బాగున్నవా అక్కా?" అన్నాను.

"బాగున్న, పటేలమ్మా" అంది, వంచిన నడుము ఎత్తకుండానే.

ఆమె తియ్యలేదు. ఆ నీళ్లు తాగిన రోజు నుంచీ నాకు అనుమానం లేదు. ఈ ముక్క ఆమెకు చెప్పాలని సెలవు దొరికినప్పుడల్లా ఊరికి పోతున్నాను, చర్చి దాకా నడిచి తిరిగి వస్తున్నాను. ఒట్టు పెట్టి చెబుదామంటే ఆమెకు ఒట్లు పనికిరావు. ఒట్టు లేకుండా చెబుదామంటే, నా ఉత్తమాటను ఆమె ఇక ఎందుకు నమ్మాలి?