ప్లాస్టరింగ్ లేని ఇల్లు

మా నాన్న ప్రభుత్వ భవనాలు కట్టించే ఓవర్సీర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అందుకే ఇక్కడ అమెరికాలో, నోవై దగ్గర మేం కొన్న ఇంటి ఫోటో ఈమెయిల్ చేసి, మెచ్చుకుంటారని ఫోన్ పక్కనే కూర్చున్నాను. నూరేళ్లు దాటిన ఎర్ర ఇటుకల విక్టోరియన్ ఇల్లు. చిన్నదే గానీ, వీధివైపు ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ, నిటారుగా లేచిన కప్పు, చూరు కింద చెక్కతో చేసిన లేసు! దాన్ని చూసిన రోజు నుంచీ నేను నేల మీద నడిస్తే ఒట్టు.

నాన్న నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకుని ఫోన్ చేశారు. "బాగానే ఉందమ్మా. ప్లాస్టరింగ్ ఎప్పుడు?"

"ఇది ఇంతే నాన్నా. ఇక్కడ ఇటుకలు ఇలాగే వదిలేస్తారు."

"వదిలేశారని నువ్వే అంటున్నావు. సగంలో ఆగిన ఇంట్లో పాలు పొంగించకూడదు."

మేముంటున్న అపార్ట్‌మెంట్ లీజు నెలాఖరుకి అయిపోతుంది; గృహప్రవేశానికి అమ్మానాన్న వచ్చేది అంతకు కొద్ది రోజుల ముందే. "ముందు మూవ్ అయిపోదాం, మీ నాన్న వచ్చాక చూసుకుందాం" అన్నాడు మా ఆయన. నాన్న ఒప్పుకోందే ఆ ఇంట్లో కాఫీ కూడా తాగనన్నాను. మొండితనంలో నేను ఆయన కూతుర్నే.

అమ్మానాన్న దిగేసరికి లీజు ఇంకా పది రోజులుంది. మా ఆయన పక్క సీట్లో కూర్చుంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఆ ఇంటికే డ్రైవ్ చేశాను. కారు దిగుతూనే అమ్మ, "అయ్యో, సున్నమైనా కొట్టించుకోలేదే పాపం!" అంది. నాకు నవ్వాగలేదు.

నాన్న నేరుగా గోడ దగ్గరికి నడిచారు. అమ్మ సంచిలోంచి దారపు రీలు తీసి, కొసకి నా తాళాల గుత్తి కట్టి, గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దాని వెంట వేలాడదీశారు. ఒక కన్ను మూసి చూశారు. కిటికీ మీది కమాను ఇటుకలు లెక్కపెట్టారు, మళ్లీ లెక్కపెట్టారు. కుక్కని తిప్పుతున్న పక్కింటావిడ ఆగి, "ఈజ్ హి ది ఇన్‌స్పెక్టర్?" అని అడిగింది.

"యెస్, వెరీ స్ట్రిక్ట్" అన్నాను.

ఇల్లంతా చుట్టి వచ్చేసరికి ఆయన చొక్కా నిండా ఎర్ర దుమ్ము, మొహం నిండా వెలుగు.

"ముప్ఫయ్యేళ్లు గోడలు కట్టించానమ్మా. వంకర కనబడిన చోటల్లా ప్లాస్టరింగ్‌లో సర్దేద్దాంలే అనేవాణ్ణి. ఈ మేస్త్రీ ఎవడో గానీ, సర్దడానికి ఏమీ మిగల్చలేదు."

"ఇంతకీ పూర్తయినట్టా, కానట్టా?" అంది అమ్మ.

"పూర్తయి నూరేళ్లయిందే!"

నేను నడివీధిలోనే గంతులేశాను. కుక్క మొరిగింది. మా ఆయన పాల కోసం అప్పుడే స్టోర్‌కి బయల్దేరబోతే, ముహూర్తం గురువారమని నాన్న కేకేసి ఆపారు.

గురువారం పాలు పొంగాయి. అమ్మా నేనూ చప్పట్లు కొట్టి వెనక్కి చూస్తే నాన్న లేరు. బయట, గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు.