హనుమవ్వ ఏడు జటలు

అది 2009 ఆగస్టు 3, సోమవారం, ఉదయం తొమ్మిదింబావు. నా చేతి గడియారం, గోదాము గోడ మీది గడియారం రెండూ ఒకటే చెప్పాయి కనుక ఆ సమయం గురించి నాకు అనుమానం లేదు. ఈ పొద్దున పెరట్లో రాతి మీద కూర్చుని తలకు కుంకుడు రసం పోసుకున్నాను. తడిసిన జటలను ఒక్కొక్కటే పిండుతుంటే ఒక వాసన లేచింది. వానకు తడిసిన గొంగడి వాసనలో కుంకుడు చేదు కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. అది నన్ను నేరుగా ఆ తొమ్మిదింబావుకు తీసుకుపోయింది. నాకిప్పుడు డెబ్బై ఒకటో ఏడు. తల మీద మూడు జటలున్నాయి. ఏ దేవికీ మొక్కినవి కావు, ఏ గురువూ కట్టమన్నవి కావు. ఇవి నావి అని నలుగురిలో చెప్పడం నాకు నేర్పిన మనిషి పేరు హనుమవ్వ. ఆ రోజు ఆమె మా గోదాము గుమ్మంలో నిలబడి ఉంది.

రాయచూరులో మా తమ్ముడిది వెంట్రుకల వ్యాపారం. సైకిళ్ల మీద ఊరూరా తిరిగేవాళ్లు, ఆడవాళ్లు దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టు తీసుకుని బదులుగా స్టీలు గిన్నెలు, పిన్నీసులు ఇస్తారు. ఆ జుట్టు ఉండలుగా, గోనెసంచుల్లో మా దగ్గరికి వచ్చేది. ఇరవై ముగ్గురు ఆడవాళ్లు వరుసగా కూర్చుని దబ్బనాలతో చిక్కు తీసేవాళ్లు. తర్వాత కడిగి, ఎండబెట్టి, మేకులు కొట్టిన పలక మీద దువ్వి, పొడవును బట్టి కట్టలు కట్టేవాళ్లు. భర్త పోయాక పుట్టింటికి వచ్చిన నేను తూకం, కొలత, హాజరు రాసేదాన్ని. పక్కన తేదీ, తిథి రెండూ వేసేదాన్ని. నా చీరకు ఒక్క వెంట్రుక అంటుకున్నా తీసి దాని బుట్టలో వేస్తే తప్ప నాకు తోచేది కాదు. అలాంటి చోటికి, నడుము దాకా ఏడు జటలు వేలాడేసుకున్న నలభై ఏళ్ల మనిషి వచ్చి పని అడిగింది. వరుసలో మొదట కూర్చునే ఖాజాబీ చేతిలో దబ్బనం కింద పడేసింది.

"యా అల్లా! అక్కా, సంచిలకెల్లి ఒక ఉండ లేచి నడ్సుకుంట వచ్చె సూడు!"

గోదామంతా నవ్వింది. హనుమవ్వ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు.

"ఊరోళ్ల చిక్కు తీస్తనంటున్నవు. ముందుగాల నీది తీసుకోరాదా?" అన్నాను.

"వాళ్లవి పారేసిన ఎంటికలక్కా. నావి నెత్తి మీద ఉన్నయి. ఉన్నకాడికి మంచిగనే ఉన్నయి."

పరీక్షకని అర కిలో ఉండ ఇచ్చాను. మిగతావాళ్లు పొద్దంతా కూర్చుంటే రెండు వందల యాభై గ్రాములు తీసేవాళ్లు. ఆమె సాయంత్రానికి మూడు వందల పది తీసింది, తెగిన పోచ దాదాపు లేదు. నమ్మకం కుదరక రెండోసారి తూచాను. మళ్లీ మూడు వందల పదే. అంత శుభ్రమైన పని చేతికి వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం బంగారం చూసినవాళ్లకు కూడా కలగదనుకుంటాను.

కానీ ఆమె రోజూ వచ్చే మనిషి కాదు. నాట్లు మొదలైతే కాలువ కింది ఊళ్లకు, గోరేబాళ దిక్కో పోతనాళ దిక్కో పోయేది. నాట్లు లేకున్నా పోయేది. మొదటి ఏడాది ముగిశాక హాజరు కూడితే నూట అరవై ఎనిమిది రోజులు తేలింది. పుస్తకం ఆమె ముందు పెట్టి, మిగిలిన నూట తొంభై ఏడు రోజులు ఎక్కడికి పోయావని నిలదీశాను.

"బతకనీకె పోతినక్కా," అంది, అది కూడా అడగాలా అన్నట్టు. "నువ్వు పోలేదా యాడికీ?"

నా హాజరు మూడు వందల పదమూడు. ఆదివారాలు పోగా ఒక్క రోజు తక్కువ లేదు. దాన్ని చూసి గర్వపడుతూ వచ్చిన నేను ఆ రోజు పుస్తకం మూసి సొరుగులో పెట్టాను.

ఒకసారి తొమ్మిది రోజులు వరుసగా రాకపోతే ఆదివారం పూట వెతుక్కుంటూ పోయాను. శక్తినగర్ కరెంటు కంపెనీ బస్సు డ్రైవరు మా వీధివాడే. అతను కృష్ణ ఒడ్డుకు దగ్గరలో దింపాడు. హనుమవ్వ గుడిసె పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు. లోపల పదకొండు వస్తువులున్నాయి. పైకప్పు మీద సొరపాదు, గుమ్మం ముందు మూడు రాళ్ల పొయ్యి. జ్వరమూ లేదు, నొప్పీ లేదు. నది నిండుగా ఉంది, ఈత కొడుతూ ఉండిపోయిందట. జొన్నరొట్టె నా చేతిలో పెట్టి, తన జటలు ఎలా మొదలయ్యాయో చెప్పింది. ఇరవై రెండేళ్లప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గేసరికి మొదటి జట కట్టింది. అత్త పళ్లెంలో పసుపు తెచ్చి, ఎల్లమ్మ వచ్చిందని రుద్దింది. ఇక సంసారం లేదు, బుట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవాలని పెద్దలు తేల్చేశారు.

"దేవి వస్తే నాతోని చెప్పదా అక్కా? నెత్తి నాదైతే, పోయి ఎదురింటి ముసల్దానికి చెప్తదా?" అంది. "ఆ నడిజాముల లేసి వచ్చిన. కోసుకుందమంటే, అది గుడ వాళ్లకు బయపడి కోసుకున్నట్టే అయితది. ఉండనిస్తి. మెల్లెగ ఏడైనయి."

మాట ముగించి చీర కుచ్చిళ్లు బిగించి నీళ్లలో దూకింది. ఏడు జటలు నీటి మీద చుట్టూ పరుచుకుని తేలాయి. పుట్టినప్పటి నుంచి ఆ నదికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న నేను కాలివేళ్లు తప్ప తడపలేదు. "దిగు" అంది. నాకు రాదన్నాను. "తడవనీకె గుడ నేర్చుకోవాల్నా ఏంది?" అంది. మోకాళ్ల దాకా దిగాను. తర్వాత నడుము దాకా దిగాను. ఇసుక కాళ్ల కింద కదిలిపోతుంటే చిన్నపిల్లలా కేక వేశాను. అలా ఇరవై రెండు నిమిషాలున్నాను. ఇంటికి తడి చీరతో వస్తే ఎవరేం అడిగారో నాకిప్పుడు గుర్తు లేదు, ఆ నిమిషాలు మాత్రం ఒక్కటీ పోలేదు.

ఇక 2012 జూలై సంగతి. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. కాలువకు నీళ్లు రాలేదు, ఎక్కడా నాట్లు పడలేదు. హనుమవ్వకు గోదాము పని ఒక్కటే ఆధారం. సరిగ్గా ఆ వారంలోనే ఆమె తల మీద అందరి కళ్లూ పడ్డాయి. శుక్రవారం నాడు చిక్కు తీసే ఇద్దరు ఆడవాళ్లు ఆమె కూర్చునే చోట కుంకుమ పెట్టి దండం పెట్టారు. అదే రోజు పెద్ద బేరం కుదిరేసరికి మా తమ్ముడు కూడా కొబ్బరికాయ తెప్పించాడు. ఆమె కాయను అక్కడే పగలగొట్టి ముక్కలు అందరికీ పంచి, తనూ ఒక ముక్క నమిలి పనిలో కూర్చుంది. బుధవారం నాడు, జూలై పదకొండున, ఆ బేరగాడు చెన్నై నుంచి సరుకు చూడటానికి వచ్చాడు. హనుమవ్వను చూసి, ఇలాంటి తల ఉన్నచోట సరుకులో పేలుండవని ఏమిటి నమ్మకం అన్నాడు. శుక్రవారం దేవి అయిన మనిషి బుధవారానికి పేల పుట్ట అయింది. మా తమ్ముడు నన్ను పక్కకు పిలిచి చేతిలో కత్తెర పెట్టాడు.

"అక్కా, లారీ సరుకు. గీ ఒక్క నెత్తి కోసం వాపస్ పోనిద్దమా? నీ మాటైతే ఇంటది. కోసుకుంటె ఉండుమను. లేకుంటె ఇయ్యాల్టికెల్లి పని లేదను."

కత్తెర పట్టుకుని ఆమె ముందుకు పోయాను. ఇరవై మూడు దబ్బనాలు ఆగిపోయాయి. హనుమవ్వ నా చేతి వైపు చూసింది.

"మా అత్త పసుపు బట్టుకొని వచ్చె. నీ తమ్ముడు కత్తెర బట్టిచ్చి నిన్ను పంపె. నీకేం గావాలె హనుమీ అని ఒక్కరు అడగలే."

"నీకేం గావాలె?" అన్నాను. ఎదుటివాళ్ల జవాబు నేనే ముందుగా రాసిపెట్టుకోకుండా ఆ ప్రశ్న అడగడం నా యాభై ఎనిమిదేళ్లలో అదే మొదలు.

"కొలిచి సూడు. కొలవంది నువ్వు ఏదీ కొయ్యవు గదా."

నిజమే. కొలవకుండా, చూడకుండా ఏ సరుకునూ నేను ముట్టలేదు. కత్తెర బల్ల మీద పెట్టి టేపు తీశాను. ఆమెను ఎండలోకి తీసుకుపోయి తెల్ల పంచె పరిచి కూర్చోబెట్టాను. అన్నిటికంటే పొడవైన జట ముప్పై ఎనిమిది అంగుళాలు, పొట్టిది ఇరవై ఆరున్నర. ఒక్కొక్క జట కుదురునూ దబ్బనం మొనతో విడదీసి, భూతద్దం పెట్టి వెతికాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. పేను లేదు, ఈపి లేదు. పంచె మీద రాలింది నాలుగు సొరపూల రేకులు. లెక్క తప్పుతానేమోనని ప్రతి సంఖ్యా పైకి చదివాను.

"ఒక్క నెత్తి చూస్తె అది లెక్క గాదు," అన్నాను తమ్ముడితో. "అందరివి చూడాలె."

ఖాజాబీ ఎగిరి నిలబడింది. "ముందు నీదే కానీ అక్కా!" అని నన్ను పంచె మీదికి లాగింది. నలభై ఏళ్లుగా వదులు కాని నా కొప్పు విప్పి, రెండు నిమిషాల్లో కేక పెట్టింది: "లెక్కలక్క నెత్తిల మూడు! రాసుకో అక్కా, రాసుకో!" రాసుకున్నాను. ఇరవై నలుగురు పనివాళ్లు, నేను, నవ్వుతూ తల వంచిన ఆ చెన్నై బేరగాడు కలిపి ఇరవై ఆరు తలలు. మా తమ్ముడు టోపీ తియ్యనన్నాడు. తొమ్మిది తలల్లో పేలు దొరికాయి. హనుమవ్వది, బేరగాడిది ఆ తొమ్మిదిలో లేవు. బేరగాడు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుని, సరుకు ఎలాగూ మందు వేసి కడుగుతారు కదా, ఎక్కించండి అన్నాడు.

తమ్ముడు కత్తెర సొరుగులో పెడుతుంటే హనుమవ్వ అంది: "సేటూ, నేను దేవిని గాదు, పేను గుడ గాదు. చిక్కు తీసేదాన్ని. సంచి దింపియ్యి."

ఆ రోజు పుస్తకంలో ఇలా రాశాను: హనుమవ్వ, జటలు ఏడు, పేలు సున్న, సరుకు కాదు. నా చేతిరాత ఎప్పుడూ గీత దాటదు. ఆ వరుస మాత్రం పైకి ఎక్కింది.

ఆ తర్వాత నాలుగేళ్లు, ఇష్టమైనప్పుడు వచ్చింది, ఇష్టమైనప్పుడు పోయింది. 2016 నవంబరు 20న "పోయొస్త" అంది. రాలేదు. ఒడ్డున గుడిసె లేదు, పాదు లేదు. పోతనాళలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు భార్యను అడిగితే, "జడలామేనాండి? రెండేళ్ల క్రితం నాట్లకొచ్చి మా అందర్నీ కాలవలోకి దింపిందండి. మళ్లీ కనపడ్లేదు," అంది. ఎక్కడ ఏ నీళ్లలోకి ఎవరిని దింపుతోందోనని నాకు ఏడుపుకు బదులు నవ్వొచ్చింది.

2019 జూన్ 10, సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, నెలన్నర జ్వరం తర్వాత తల దువ్వుకుంటుంటే కుడి చెవి వెనక దువ్వెన ఆగిపోయింది. మరదలు పసుపు తెచ్చింది. తమ్ముడు కత్తెర అన్నాడు. నేను టేపు అడిగాను. రెండున్నర అంగుళాలు. నీకేం కావాలె సరోజా అని నన్ను నేను అడిగాను. జవాబుకు అరగంట పట్టింది, కానీ జవాబు నాదే. ఇప్పుడవి మూడు: పంతొమ్మిది, పదహారున్నర, పదకొండు అంగుళాలు. పోయిన ఏడాది తొంభై నాలుగు రోజులు ఇంట్లో లేను. బస్సెక్కి నాట్ల ఊళ్లకు పోయాను, కాలువ గట్ల మీద పడుకున్నాను, కృష్ణలో మెడ దాకా దిగాను. ఎవరైనా నా తల గురించి ఏదైనా ఖాయంగా చెప్తే, ఎండలోకి రమ్మని పంచె పరుస్తాను. చాలామంది రారు. వచ్చినవాళ్లు నవ్వుతూ పోతారు.

ఈ మూడు జటల వల్ల ఇప్పటివరకు పోయినవి: దువ్వెనలు నాలుగు. కొప్పు పిన్నులు ఒక డబ్బా. పిలుపు రాని పెళ్లిళ్లు ఆరు. భజన మండలిలో ముందు వరుస చోటు ఒకటి. గోదాములో ఇరవై రెండేళ్లు కూర్చున్న కుర్చీ ఒకటి. తమ్ముడు మాట్లాడని నెలలు ఏడు.

వీటి వల్ల కాకుండా, అంతకు ముందే పోయింది: మనిషి ఒకరు, హనుమవ్వ.