పిల్లలు లేచే వేళకు

మా ముత్తాత మూడు గ్రామాలకు మాలీ పటేల్. శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. తాతగారి నాటికి అధికారం పోయినా, కూసుమంచి వైపు ఆయన ఎదురుపడితే మనుషులు సైకిల్ దిగి నడిచేవారు. నాన్నగారి నాటికి ‘పటేలా’ అన్న పిలుపు ఒక్కటే మిగిలింది. ఆ ఇంటి పెద్ద కూతురిని నేను. 2003లో భద్రాచలం అడవి అంచున ఒక మిషన్ బడిలో శిశు తరగతి టీచరుగా చేరాను.

పాట, కథ, చింతగింజలతో లెక్కలు, మధ్యాహ్నం అన్నం, ఆపైన మూడింటి దాకా చాపల మీద నిద్ర. శిశు తరగతి దినచర్య అది. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో కోయ మాట్లాడేవారు. నాకు ఆ భాషలో పదిమాటలు నేర్పింది ఆయా ముత్తమ్మ. నా నడక చూసి నాకు ‘దొరసాని’ అని పేరు పెట్టింది కూడా ఆమే.

2006లో దూరవిద్యలో బి.ఎడ్. కట్టాను. ఉద్యోగంలో ఉన్న టీచర్లకే ఆ సీటు. సెలవుల్లో తరగతులు, ఏడాదిలో ఏదైనా హైస్కూలులో నలభై పాఠాలు చెప్పాలి, చివర బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ‘ఫైనల్ లెసన్’. అన్నీ అయ్యాక మన బడి కరస్పాండెంట్ సర్వీస్ సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి. అది లేకపోతే పట్టా లేదు.

మా కరస్పాండెంట్ పాస్టరుగారే. నలభై పాఠాల సంగతి చెబితే ఆయన అన్నారు: “పిల్లలు పండుకున్న టైంల మీరు ఏడికన్న పోండ్రి టీచరమ్మా. వాళ్లు లేచేసరికి మాత్రం కండ్ల ముందు ఉండాలె.”

హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఒంటిగంటకు పిల్లలు పడుకోగానే సైకిలెక్కి, ఒక పీరియడ్ చెప్పి, మూడు కాకముందే తిరిగొచ్చేదాన్ని. ముప్పైతొమ్మిది సార్లు పోయి వచ్చాను, నలభయ్యోసారీ పోయి వచ్చాను. ఒక్క పూట సెలవు అడగలేదు. క్యాజువల్ లీవులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫైనల్ లెసన్ రోజున కూడా అడగలేదు. మా ఇంట్లో ఒకరిని అడిగే అలవాటు లేదు.

ఆ రోజు పరీక్షకుడి బస్సు దారిలో చెడిపోయింది. ఆయన వచ్చేసరికి మూడుంబావు దాటింది. తొమ్మిదో తరగతి, సాంఘికశాస్త్రం, నదులు. “మన పక్కన పారే నది ఏది?” అని అడిగాను. కొత్త మనిషిని చూసి పిల్లలు బిగుసుకుపోయారు. రెండోసారి అడిగాను. మూడోసారి అడిగేసరికి గుమ్మం దగ్గర ఒక సన్నటి గొంతు “గోదారీ!” అని అరిచింది.

మా శిశు తరగతి పిల్ల. దాని వెనక తక్కిన పదిమంది, నిద్రముఖాలతో. వాళ్ల వెనక ముత్తమ్మ. పిల్లలు లేచినా నేను రాకపోయేసరికి, మిరపతోటలో కూలీలను దింపి వస్తున్న ట్రాక్టరును ఆపి, అందరినీ ఎక్కించుకొచ్చింది.

తరగతి గొల్లుమంది. ఆ నవ్వుతో బిగువు సడలి పాఠం చక్కగా సాగింది. పరీక్షకుడు కూడా నవ్వుతూనే మార్కులు వేసుకున్నారు. ఆయన వెళ్లిన కాసేపటికే, రోజూ హాజరు చూడటానికి వచ్చే పాస్టరుగారు మా బడిలో ఖాళీ చాపలు చూసి, స్కూటరు మీద హైస్కూలు దగ్గర దిగారు.

“ఏంది ముత్తమ్మా, బడినే తోలుకొస్తివా?”

“లేచేసరికి టీచరమ్మ కండ్ల ముందు ఉండాలె అంటిరి గద అయ్యగారూ. ఉన్నది, సూడుండ్రి.”

ఆయన నవ్వలేదు. మర్నాడు నన్ను పిలిచారు. పసిపిల్లలను పర్మిషన్ లేకుండా ట్రాక్టరెక్కించినందుకు ముత్తమ్మను తీసేస్తానన్నారు. నా సర్టిఫికెట్ బల్ల మీదే ఉంది. “ఆమె సొంతంగ చేసిందని రెండు ముక్కలు రాసియ్యుండ్రి. ఇప్పుడే సంతకం పెడ్త.”

ఆ రెండు ముక్కలు నిజమే. నేను చెప్పి చేయించలేదు. బయటికొస్తే వరండాలో ముత్తమ్మ చాపలు దులుపుతోంది. లోపలి మాటలన్నీ వినబడ్డట్టున్నాయి. “రాసియ్యి దొరసానీ. నాకు అడివిల తునికాకు తెంపే పని ఉన్నది. నీకేం ఉన్నది?” అంది.

లోపలికి పోయి నాలుగు వాక్యాలు రాశాను. ఆలస్యమవుతుందని కబురు పంపవలసింది నేను; పూట సెలవు పెట్టవలసింది నేను; తప్పు నాది, ఆయాది కాదు; మన్నించవలసిందిగా ప్రార్థన. చివరి మాట రాయడానికే ఎక్కువసేపు పట్టింది. పాస్టరుగారు చదివి సొరుగులో పెట్టారు. ముత్తమ్మ పనిలోనే ఉంది. నా సర్టిఫికెట్ మూడు నెలల తర్వాత, ఒక ఇంక్రిమెంటు ఆపిన మెమోతో కలిసి వచ్చింది. పట్టా మరుసటి ఏడాది వచ్చింది.

తరువాత హైస్కూలు టీచరునై, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. నేర్చుకున్నది ఇంతే: సెలవు కాగితం ముందుగా రాయాలి. మనం అడగకుండా వదిలేసిన పని మన కింద పనిచేసేవారి మెడకు చుట్టుకుంటుంది.

ఆ బి.ఎడ్. పట్టా తెచ్చుకోవడానికి వెళ్తూ దారిలో వైరా రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దిగి, ముత్తాత నాటి భూమిలో మాకు మిగిలిన రెండెకరాల మాగాణిని అమ్మిన కాగితాల మీద సంతకం పెట్టాను.