మల్లయ్య పేరున్న కాగితం

ఎన్నో ఏళ్లుగా నేనొక కాగితం మోస్తున్నాను. అసలు లేని కాగితం. లేనిదానికి ఇంత బరువేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

తొంభైలలో పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. రాజవ్వ మా క్యాంటీన్లో పాత్రలు కడిగేది. నేను నాటకాల్లో పాత్రలు రాసేవాణ్ణి. ఆమెవే శుభ్రంగా ఉండేవి.

ఆమె చిన్నప్పుడు, నిజాం కాలంలో, వాళ్ల ఊరి పటేలును ఎవరో చంపారు. ఎవరన్నది తేలలేదు. అదే రోజు ఆ ఇంటి జీతగాడు, రాజవ్వ అన్న మల్లయ్య, కనిపించకుండా పోయాడు. చంపింది అతనేనని ఊరంతా అంది. "బుగులుకు, పానభయానికి ఉరికిండు సారూ, సంపి కాదు," అనేది రాజవ్వ. ఏటా పెత్రమాస అమావాస్యకు పోయినవాళ్ల పేర్న బియ్యం ఇచ్చేటప్పుడు అన్న పేర్న కూడా ఒక దోసెడు ఇచ్చేది. ఆ రోజు గారెలు నాకూ తెచ్చేది.

ఆ కథతో నాటకం మొదలుపెట్టాను. రెండంకాలు పరుగెత్తాయి. మూడో అంకానికి హంతకుడు కావాలి. రక్తి కట్టాలంటే రక్తం ఎవరి చేతికో అంటాలి కదా. ఉన్నవాళ్లలో అడ్డుచెప్పనివాడు మల్లయ్య. పేరైనా మార్చలేదు. ఎందుకు? నటుడి నోట బాగా పలికింది. ఇంతకంటే మంచి కారణం ఇప్పటికీ దొరకలేదు.

సంగారెడ్డిలో ప్రదర్శన. అయ్యాక రాజవ్వ తెర వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ జేసిండ్రు సారూ. గని మా అన్ననే సంపిండని నీకెవలు చెప్పిండ్రు?"

ఊహించానంటే సరిపోయేది. చుట్టూ మెచ్చుకునేవాళ్లు. "తాలూకా కచేరీ పాత కాగితాల్లో ఉంది అవ్వా," అన్నాను.

"కాగితంలున్నదా?" చెయ్యి వదల్లేదు. "సదువుకున్నోనివి, నువ్వెందుకు అబద్ధమాడ్తవు."

ఆ పెత్రమాసకూ గారెలు తెచ్చింది. "ఈసారి అన్న పేరు మీద బియ్యం ఇయ్యలే సారూ. గిన్నేండ్లు ఊరోళ్లతోని ఉత్తగనే కొట్లాడిన," అని నవ్వింది. "సల్లారినయ్ గని తిను."

తిన్నాను. ఇంకో రెండు అడిగి మరీ తిన్నాను, నోట్లో గారె ఉంటే మాట్లాడక్కర్లేదని.

చెప్పడానికి ఆ తర్వాత చాలా రోజులున్నాయి. ఆమె ప్రేమ పోతుందని భయపడ్డానా, నాటకానికొచ్చిన పేరు పోతుందనా? మొదటిదని రాసి, కొట్టేశాను.

రాజవ్వ ఇప్పుడు లేదు. నేను ఏ కచేరీ మెట్లూ ఎక్కలేదు. పటేలును ఎవరు చంపారో నాకు తెలియదు. నా నాటకం కాక, మల్లయ్య పేరున్న కాగితం ఈ రాస్తున్నది ఒక్కటే.