గేటు దగ్గర ఆడపిల్లవారు

శిరోమణికి ముక్కు మీద కోపం. హామిల్టన్‌లోని ఆ వృద్ధాశ్రమంలో ఆమె తొమ్మిదేళ్లుగా కేర్‌గివర్. గుడివాడ నుంచి ఇంకేం తెచ్చుకుందో తెలియదు గానీ, ఆ నోరు మాత్రం భద్రంగా తెచ్చుకుంది. మేనేజరమ్మ కూడా ఆమెతో ఆచితూచి మాట్లాడుతుంది.

అంతటి శిరోమణినే ఆరు వారాలు పరుగులు పెట్టించింది మెరెయానా. ఎనభై ఎనిమిదేళ్ల పెద్దావిడ, ఆ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. పక్షవాతంతో ఎడమకాలు పట్టు తప్పింది.

"వచ్చే నెల పదో తారీఖుకి నన్ను నిలబెట్టమ్మాయ్."

"ఆ రోజేముంది ఆంటీ? పెళ్లా?"

పెళ్లే. కాకపోతే నూట ఎనభై ఏళ్ల కిందటిది. తుపాకులు చేతికొచ్చాక ఆంటీ వాళ్ల తెగా, కొండల అవతలి తెగా ఒకరినొకరు చంపుకున్నారు. ఒక చావుకి పది చావులు. ఇరువైపులా ఏడ్చేవాళ్లే మిగిలారు. ఉత్తరాది తెగల దగ్గర బందీలుగా ఉండి, క్రైస్తవులై విడుదలైనవాళ్లు బైబిలు పట్టుకొచ్చి, ఇక చాలన్నారు. ఆంటీ వాళ్ల తెగపెద్ద తన చిన్నకూతుర్ని శత్రువు కొడుక్కిచ్చాడు. అంతటితో యుద్ధం ఆగింది. అప్పటినుంచి ఏటా ఆ పెళ్లికూతురి అక్క వంశంలోని ఆడమనిషి ఆ తెగవారి దగ్గరికి వెళ్లి, వాళ్ల పిలుపుకి నిలబడి జవాబివ్వాలి. ఇప్పుడు ఆ వంతు ఆంటీది.

"అంటే మీరు ఆడపిల్లవారన్నమాట! మరి యుద్ధాలు గవర్నమెంటు ఆపిందంటారుగా?"

"ముందు మేమే ఆపుకున్నాం. తర్వాత తెల్లవాళ్ల సర్కారు కోర్టులు పెట్టింది. హద్దుల తగాదాలు కాగితాల మీదికెళ్లాయి. అది మేలే, కాదనను. ఆ సర్కారే తర్వాత మా భూముల కోసం మా మీదికి సైన్యాన్ని తోలింది. అయినా ఆ వియ్యం మాత్రం చెడలేదు."

ఇక శిరోమణి ఊరుకుంటుందా! డ్యూటీ దిగాక కూడా వాకర్ పట్టించి నడిపించేది. ఇంట్లో మొగుడు యేసుదానం "నీకెందుకే ఈ తలనొప్పి?" అంటే, "ఆడపిల్లవారి పరువండీ" అని నోరు మూయించేది. వీల్‌చైర్లో వెళ్తే సరిపోదా అన్న మేనేజరమ్మ మీదైతే ఇంతెత్తున లేచింది.

పదో తారీఖు రానే వచ్చింది. ఆంటీ తరఫున నలభైమంది అవతలివాళ్ల సభామందిరం గేటు దగ్గర ఆగిపోయారు. పది నిమిషాలైనా ఎవరూ కదలరే! శిరోమణికి ఒళ్లు మండింది. వియ్యాలవారిని గుమ్మంలో నిలబెడతారా? "పదండాంటీ" అని ఒకడుగు లోపలికి వేసేసింది. ఆంటీ ఆమె చున్నీ పట్టి వెనక్కి లాగింది.

"పిలవకుండా అడుగుపెట్టేవాడు ఒకప్పుడు శత్రువే. ఆగు."

శిరోమణి సిగ్గుతో చచ్చిపోయింది.

అంతలో లోపలినుంచి ఒక స్త్రీ గొంతు సాగదీసి పిలిచింది. గేటు దాకా వీల్‌చైర్లో వచ్చిన ఆంటీ దాని చేతులు నొక్కిపట్టి లేచింది. ఎడమకాలు పక్కకి ఒరిగింది. నోరు తెరిచింది, మాట రాలేదు. శిరోమణి "ప్రభువా, ఒక్క నిమిషం నిలబెట్టు" అనుకుంటూ ఆవిడ నడుముకి చెయ్యి ఆనించింది. ఆంటీ ఆ చెయ్యి నెట్టేసింది.

అప్పుడు పలికింది ఆ గొంతు! ముందు చీలికగా, తర్వాత ఖంగుమని, కొండల దాకా వినపడేటట్టు. అవతలి ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆంటీ ఒక్కో అడుగే వేస్తూ, ఎక్కడా కూలబడకుండా, సభామందిరం ముందున్న పచ్చిక అంతా దాటింది. శిరోమణి ఏడుస్తూ, నవ్వుతూ, ఖాళీ వీల్‌చైర్ తోసుకుంటూ వెనకే నడిచింది.

ముక్కుకి ముక్కు ఆనించి పలకరించుకునే వరసలో అవతలి పెద్దాయన శిరోమణి ముందు ఆగి, ఆంటీని అడిగాడు. "ఈమె ఎవరి మనిషి?"

"మా మనిషే. ఆడపిల్లవారి వైపు కూర్చుంటుంది" అంది మెరెయానా.