మా అత్తమ్మ గుండిగ, మూడు వందల మంది పప్పు

తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు, కేసులు మోసినవాళ్లు, రైలు పట్టాల మీద పడుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీ అందరికీ నా దండం. ఉద్యమంలో నేను చేసింది మాత్రం ఒక్కటే పని. ఆకలి మీద విస్తళ్ల ముందు కూర్చున్న మూడు వందల మందికి వడ్డించాల్సిన పప్పును మొత్తంగా రోడ్డు పక్క కాలువలో పోయించాను. పోలీసులకు కూడా చేతకాని పని అది. నేను లాఠీ పట్టకుండా, ఒక్క కేకతో చేశాను. ఎలా చేశానో చెప్తాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటికి స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంటి పెరట్లో నూలుకు రంగులద్దే పని మొదలుపెట్టి నాకు రెండేళ్లు. తెల్ల నూలు చిలపలుగా, అంటే చుట్టి మెలిపెట్టిన కట్టలుగా వచ్చేది. దాన్ని దానిమ్మ తొక్కలో, మోదుగుపూలో, మంజిష్ఠో మరిగించిన నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మగ్గాల వాళ్లకు ఇచ్చేదాన్ని. బోర్డూ లేదు, దుకాణమూ లేదు. నా చేతులే బోర్డు. మణికట్టు దాకా ఏ రంగుంటే ఆ వారం ఆ రంగు పని నడుస్తోందని వాడకట్టు మొత్తానికి తెలిసేది. మా ఆయనది సర్కారు కొలువు. సమ్మెలోకి దిగి నెల దాటింది, జీతం ఆగిపోయింది. ఆ నెల మా ఇంట్లో పొయ్యి వెలిగింది నా నూలు మీదే.

ఈ పని మొదలుపెట్టిన నాడే మా అత్తమ్మ ఒక షరతు పెట్టింది. ఆవిడ రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదీ ఆ రోజు నా కోసమే ఖర్చు పెట్టింది.

“నీ రంగు నా వంట గిన్నెకు తాకిందంటె గా దినమే నీ పని బంద్. ఇంట్ల తినేటోళ్లున్నరు, యాదుంచుకో.”

ఆవిడ అన్నది న్యాయమే. చెట్ల రంగు నూలుకు పట్టుకోవాలంటే ఉత్త కషాయం చాలదు. దానిమ్మ తొక్క నీళ్లు ఆకుపచ్చకు తిరగాలంటే మైలుతుత్తం వేయాలి. తోటలకు తెగులు మందుగా కొట్టే నీలం మైలుతుత్తమే అది. కడుపులోకి పోతే ఏమవుతుందో ఏ రైతును అడిగినా చెప్తాడు. అందుకే రంగుకు నా స్టీలు డేగిస వేరే ఉండేది. దాన్ని వంటింటి గడప దాటనిచ్చేదాన్ని కాదు.

అలాంటి బుద్ధిమంతురాలికి లక్ష్మయ్య అనే మగ్గం ఆయన ఆకుపచ్చ నూలు కావాలని కబురు పంపాడు. ఈ పనిలో ఒక పేచీ ఉంది. ఒక బట్టకు కావలసిన నూలంతా ఒకేసారి, ఒకే నీళ్లలో మునగాలి. రెండు విడతలుగా ముంచితే దేవుడు దిగొచ్చినా రెండు పచ్చలూ ఒకటి కావు, చీర చారలు చారలుగా నేత దిగుతుంది. సరిగ్గా అప్పుడే నా డేగిస అడుగున చిల్లు పడింది. అతుకు వేయిద్దామని పోతే వెల్డింగ్ దుకాణం షట్టరు మీద జై తెలంగాణ అని రాసి ఉంది, లోపల మనిషి లేడు. ఇంట్లో అంత పెద్ద పాత్ర ఇంకొక్కటే ఉంది. అది అత్తమ్మ ఇత్తడి గుండిగ. లోపల తెల్లగా కళాయి పూసి ఉంటుంది. ముగ్గురు ఆడబిడ్డల పెళ్లి పప్పు అందులోనే ఉడికింది.

మీరైతే లక్ష్మయ్యకు నాలుగు రోజులు ఆగమని చెప్పేవాళ్లు. నాకు అంత తెలివి లేదు. అత్తమ్మ పొద్దంతా ధర్నా టెంటులో కూర్చునేది. ఆవిడ వచ్చేలోపు ముంచి, తోమి, ఎక్కడిదక్కడ పెడితే సరిపోతుందనుకున్నాను. ముంచడం అయింది. రంగు ఎంత బాగా వచ్చిందంటే కాసేపు దాన్ని చూస్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోవడంలోనే తోమే పొద్దు గడిచిపోయింది. తీరా తోమబోతే కళాయికి పచ్చటి మరక పట్టుకుని వదలనంటోంది, వీధి గుమ్మంలో అత్తమ్మ దగ్గు వినిపిస్తోంది. గుండిగను వెనక కొట్టులో బోర్లించి, పైన గోనెసంచి కప్పి, పొద్దున చింతపండు పెట్టి తోముదామని ఊరుకున్నాను.

పొద్దున్నే లక్ష్మయ్య మనిషిని పంపాడు, నూలు వెంటనే కావాలని. తోమడం తిరిగొచ్చాక చూద్దామని చిలపలు నెత్తిన పెట్టుకుని పోయాను. ఆయన చిలపను ఎండలో పట్టి చూసి, మెచ్చుకుని, టీ తాగిస్తే మురిసిపోయి మరో గంట కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. కొట్టులోకి పోయాను. గోనెసంచి నాలుగు మడతలు పెట్టి ఉంది. గుండిగ లేదు.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న సుశీలక్కను పిలిచి, మా అత్తమ్మ ఎక్కడని అడిగాను.

“ఇయ్యాల హైవే మీద వంటావార్పు గద. గుండిగలు గావాలని ఇల్లిల్లు తిరిగిన్రు. మీ అత్తమ్మ గూడ ఆళ్ల ఎంబడే పోయింది,” అంది ఆవిడ.

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, వంటావార్పు అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా చేయడం. ఊరు ఊరంతా వచ్చి తింటుంది. ఊరు ఊరంతా మైలుతుత్తం పప్పు తింటుంది.

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు. బంద్ కాబట్టి ఆటో అన్న మాటే లేదు. కొంగు బిగించి పరుగు అందుకున్నాను. మోచేతుల దాకా ఆకుపచ్చ, ముఖమంతా చెమట, నోట్లో ‘దేవుడా దేవుడా’ అన్న గొణుగుడు. బజారు మలుపులో డప్పులతో ఊరేగింపు ఎదురైంది. పక్కకు తప్పుకుని పోదామంటే సందు లేదు. నా పరుగు చూసి వాళ్లకు నాలో ఏ వీరవనిత కనిపించిందో గాని, ఒకాయన నా చేతిలో జెండా పెట్టాడు. వద్దని చెప్పే ఊపిరి నాకు లేదు. జెండాతోనే పరుగెత్తాను. నా వెనక ఊరేగింపు కూడా పరుగెత్తింది. డప్పు దరువు పెరిగింది. నేను ఆగితే వాళ్లు నా మీద పడతారు, వాళ్లు ఆగుదామంటే నేను ఆగడం లేదు. ఆ విధంగా నేను హైవే మీదికి ఒక వంద మందికి నాయకత్వం వహిస్తూ చేరుకున్నాను. టెంటు కింద ఉన్న మా ఆయన నన్ను చూసి చప్పట్లు కొట్టాడు.

రోడ్డు మధ్యలో మూడు పొయ్యిలు. రెండింటి మీద అన్నం, ఒకదాని మీద పప్పు. కట్టెల పొయ్యి మీద మసి పట్టకుండా మూడు గుండిగలకూ బయట ఎర్రమట్టి మెత్తారు. మట్టి మెత్తితే అన్ని గుండిగలూ ఒకే తల్లి పిల్లలే. అన్నం గుండిగలు పొట్టివి. పప్పుది ఒక్కటే పెద్దది, నడుము దగ్గర మాదానిలాగే లోపలికి నొక్కుకుపోయి ఉంది. సందేహం తీరిపోయింది. అత్తమ్మ ఎక్కడో దూరంగా, టెంటు చివర ఆడవాళ్ల పాటల్లో కూర్చుని ఉంది. అదొక్కటే నాకు దేవుడు చేసిన మేలు అనుకున్నాను.

వంట చేస్తున్నది మల్లక్క. మా వాడకట్టులో ఏ పెళ్లయినా గరిట ఆవిడ చేతిలోనే ఉంటుంది. దగ్గరికి పోయి గుండిగలోకి తొంగి చూశాను. పప్పు ఆకుపచ్చగా ఉంది.

“పాలకూర ఏసినవా మల్లక్కా?” అన్నాను.

“ఏసిన బిడ్డ. బంద్ల యాడ దొరుకుతది, రెండు కట్టలే దొరికినయ్. గని జూడు, ఎంత పచ్చగొచ్చిందో,” అంది మల్లక్క గర్వంగా.

రెండు కట్టలు! మూడు వందల మందికి రెండు కట్టలు! ఆ పచ్చ ఎవరి పుణ్యమో నాకు తెలుసు. పప్పు బాగా లేదు, ఇంకోటి వండుదామన్నాను. మల్లక్క చిటికెడు నోట్లో వేసుకోబోతే చేయి పట్టుకుని ఆపాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పప్పులో బల్లి పడినట్టుందన్నాను. ఆవిడ గరిటతో అడుగు దాకా కలిపి, బల్లి లేదని నలుగురికీ చూపించింది. నాకు ఎండ దెబ్బ తగిలిందని ఎవరో గ్లాసుతో మజ్జిగ తెచ్చారు. ఈలోగా విస్తళ్లు పడ్డాయి. పిల్లలు, ముసలివాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. అన్నం వచ్చింది. బకెట్లో పప్పు తోడి మొదటి విస్తట్లో వేశారు. వేసింది ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన రిటైర్డు సారుకు. ఆయన కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గరికి ఎత్తాడు.

నిజం చెప్తే నా పని బంద్. ఇంట్లో పొయ్యి బంద్. చెప్పకపోతే సారు. ఆ క్షణంలో లెక్కలు వేసేంత తీరిక నాకు లేదు, నోరు దానంతట అదే తెరుచుకుంది.

“తినకుండ్రి సార్! గుండిగల మైలుతుత్తం ఉన్నది!”

డప్పులు ఆగిపోయాయి. సారు చేతిలో ముద్ద జారి విస్తట్లో పడింది. ఒక్క నిమిషం గడిచాక నేను అనుకోని ఉపద్రవం లేచింది. మైలుతుత్తం ఎవరు కలిపారు? ఉద్యమాన్ని దెబ్బ తీయడానికి ఎవరో విషం పెట్టారని వెనక వరసలో ఒకరన్నారు. ఆ మాట ముందు వరసకు వచ్చేసరికి ఆ ఎవరో పట్టుబడ్డాడు కూడా. రోడ్డు పక్కన చెట్టు కింద కునుకు తీస్తున్న ఇద్దరు కానిస్టేబుళ్లు లేచి టోపీలు సర్దుకున్నారు. పది మంది మల్లక్క చుట్టూ చేరారు. ఆవిడ గరిట కింద పెట్టి ఏడుపు మొదలుపెట్టింది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వాళ్ల మధ్యలోకి దూరి నా రెండు చేతులూ పైకెత్తి చూపించాను.

“ఎవ్వలు గలపలే. నేనే. మా అత్తమ్మకు తెల్వకుంట వంట గుండిగల నూలుకు రంగేసిన. తోమకముందే మీకొచ్చింది. నన్నేమన్న అనుండ్రి, పప్పు మాత్రం తినకుండ్రి.”

నా ఆకుపచ్చ చేతుల కంటే వేరే సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. సారు లేచి, పారబోయమని చేత్తో చూపించాడు. నలుగురు గుండిగను పట్టుకుని కాలువలోకి వంచారు. కమ్మటి తాలింపు వాసన గుప్పుమంది. మూడు వందల మంది దాన్ని పీల్చుకుంటూ, పప్పు కాలువలో పారుతుంటే చూస్తూ నిలబడ్డారు. అంతటి మౌనం నేను ఏ సభలోనూ వినలేదు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ అత్తమ్మ వచ్చింది. నా చేతులు చూసింది. కాలువ చూసింది. బోర్లించిన గుండిగను చూసింది.

“గిది మన గుండిగ గాదు గదనే,” అంది.

మాది కాదు. అది కోమటి సత్తెమ్మది. సత్తెమ్మ కూడా అక్కడే ఉంది. ముప్పై ఏళ్లుగా మచ్చ లేకుండా కాపాడుకున్న గుండిగకు నేను అందరి ముందు విషం అంటగట్టానని ఆవిడ అందుకున్న తిట్ల దండకం మీకు రాసి చూపించలేను. లోపల కళాయి వెండిలా మెరుస్తోంది. ఒక్క మరక లేదు. ఆ పచ్చదనం అంతా, నమ్మండి, రెండు కట్టల పాలకూరదే.

మూడు వందల మంది నా వైపు తిరిగారు. కానిస్టేబుళ్లు కూడా తిరిగారు. వాళ్లకు కూడా ఆ పూట భోజనం అక్కడే. మా ఆయన మాత్రం టెంటు గుడ్డ వైపు తిరిగి దాని కుట్లు పరిశీలిస్తున్నాడు. అత్తమ్మే ముందుకొచ్చింది. చింతపండు, ఉల్లిగడ్డలు అడిగి తెప్పించి, బకెట్లలో చల్లనీళ్లు పోసి, చేతులతో పిసికి, పావుగంటలో పచ్చిపులుసు చేసి వడ్డించింది. అందరూ పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. నా విస్తట్లో కూడా వేసింది. నేను మెతుకు మింగలేకపోయాను.

ఇంటికి నడిచి వస్తుంటే ఆవిడ ముందు, నేను వెనక. పని బంద్ అన్న మాట ఎప్పుడు పడుతుందా అని ఆవిడ వీపు చూస్తూ నడిచాను. వచ్చే నెల బియ్యం ఎక్కడివని ఏడుపు వస్తోంది. ఇంటికి రాగానే ఆవిడ నన్ను నీళ్ల గాబు వెనక్కి తీసుకుపోయింది. అక్కడ మా గుండిగ. నిండా చింతపండు పులుసు నానబెట్టి, పైన చాట కప్పి ఉంది. పొద్దున వంటావార్పు వాళ్లు అడిగితే కొట్టులోకి పోయి, సంచి తీసి, మరక చూసిందట. మా గుండిగ అతుకుకు పోయిందని వాళ్లకు అబద్ధం చెప్పిందట.

నేను నోరు తెరవబోయాను. ఆవిడ ఆపింది.

“రంగు తాకితె పని బంద్ జేస్తనంటిని. జూస్తె బంద్ జెయ్యాలె. బంద్ జేస్తె ఏం తింటం? అందుకే జూడనట్టె దాసిన. నేను ఒక్కదాన్ని జూడనట్టుంటె సరిపోయేది. నువ్వు మూడువందల మందికి జూపిస్తివి.”

ఆ తర్వాత, ఇక అందులో వండితే ఊళ్లో ఎవరూ తినరు కాబట్టి ఆ గుండిగ నన్నే ఉంచుకోమంది. వంటింటి గడప దాటి మాత్రం రానివ్వొద్దంది. పని ఆగలేదు. ఆ గుండిగలో ఆకుపచ్చ ఎంత సమానంగా వస్తుందో ఇప్పటికీ మగ్గాల వాళ్లు చెప్పుకుంటారు. మల్లక్క మాత్రం నేను కనిపిస్తే గరిట వెనక్కి దాచుకుంటుంది.

కాబట్టి ఆకుపచ్చ చేతులు జోడించి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో తప్పు చేయనని కాదు, అది నా చేతిలో లేదు. తప్పంటూ చేస్తే, దాన్ని నలుగురిలో ఒప్పుకునే ముందు ఇంటికి పోయి, అత్తమ్మ దాన్ని ఎక్కడ దాచిపెట్టిందో కనుక్కుని, ఆ తర్వాతే నోరు విప్పుతాను.